మట్టి కాదు, నీటికి దారి

మాది తెనాలి. నల్లరేగడి నేల. ఎండాకాలంలో చెయ్యి దూరేంత బీటలు వారుతుంది. వానాకాలంలో ఉబ్బి బిగుసుకుపోయి చుక్క నీటిని కిందికి దిగనివ్వదు. ఇల్లు కట్టిన రోజుల్లో మా పెరడు వీధి కంటే మెరకే. తర్వాత పాత సిమెంటు రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు వేస్తూ పోయారు. రోడ్డుతోపాటు పక్క కాలువా లేచింది, మా ఇల్లు పల్లమైపోయింది. వానొస్తే వీధి నీళ్లన్నీ సందులోంచి పెరట్లోకే.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు ముందురోజు నుంచే ఎడతెరిపి లేని వాన. పెరట్లో మోకాలి లోతు నీళ్లు. వాన వెలిసినా అవి కదల్లేదు. సెప్టిక్ ట్యాంకు నిండిపోయి బాత్రూములోంచి మురుగు పైకి తన్నింది. మా మామగారికి పక్షవాతం, కుడివైపు స్వాధీనంలో లేదు. మురుగు ఆయన మంచం కోళ్ల దాకా వచ్చేసరికి, నేనూ మావారూ ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చెరోవైపు పట్టుకుని ఎదురింటి డాబా పైకి ఎక్కించాం. మెట్ల మధ్యలో ఆయన, "నన్ను దింపెయ్యమ్మా, మీరు పడిపోతారు" అన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గుండె పట్టేస్తుంది.

నీళ్లు తీసేసరికి బొప్పాయిలు వేళ్లు కుళ్లి ఒరిగిపోయాయి. మునగ ఆకంతా రాల్చి మోడైంది. వాసనా దోమలూ వారాల తరబడి వదల్లేదు.

చూసినవాళ్లంతా "మట్టి తోలించండి" అన్నారు. మేస్త్రి ఒక్కడే "ముందు లెవెలు చూద్దాం అమ్మా" అన్నాడు. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి, ఒక కొస నా చేతికిచ్చి పెరటి గోడ దగ్గర నిలబెట్టాడు. రెండో కొస పట్టుకుని వీధి కాలువ దగ్గరికి వెళ్లాడు. బుడగలు పోయి నీళ్లు కుదురుకున్నాక రెండుచోట్లా బొగ్గుతో గీత గీసి, అక్కణ్నుంచి కిందికి టేపు పెట్టి కొలిచాడు. కాలువ అడుగే మా పెరటి కంటే జానెడు ఎత్తుంది. మట్టి పోస్తే ఆ నీళ్లు గడప దాటి మా ఇంట్లోకి రావాలి, లేదా పక్కింటివాళ్ల పెరట్లోకి పోవాలి. వెనకవైపు చూస్తే, వెనకింటివాళ్ల పెరడు దాటాక ఉన్న మురుగు కాలువ బాగా పల్లంలో ఉంది.

వాళ్ల పెరట్లోంచి ఆ కాలువ దాకా పైపు వేసుకోనివ్వమని మావారు వెళ్లి అడిగారు. వెనకింటి బాబాయిగారు ఒప్పుకోవడమే కాదు, "మా నీళ్లూ అందులోనే కలపండి, ఖర్చులో సగం నాది" అన్నారు.

నేల ఎండిన వేసవిలో పని మొదలైంది. గోడ వెంట రెండడుగుల లోతున తవ్వి, మట్టి చేరకుండా జియో టెక్స్‌టైల్ గుడ్డ పరిచి, కంకర మధ్య చిల్లులున్న నాలుగంగుళాల పీవీసీ పైపు వేశారు. వంద అడుగులకు ఒక అడుగు వాలు. మూలన ఒండ్రు తీసుకునేందుకు చిన్న ఛాంబరు. కాలువ నిండినప్పుడు నీరు వెనక్కి తన్నకుండా పైపు చివర మూత వాల్వు. సందు మొదట్లో అడ్డగట్టు కట్టి, సెప్టిక్ ట్యాంకు మూత ఎత్తు చేయించాం. ఇంటి గోడ నుంచి పది అడుగులకు అర అడుగు వాలు వచ్చేలా మట్టి సర్దాకే మొక్కల జోలికి వెళ్లాం. మునగ, కరివేపాకు మెరకన పెట్టాం. తడికి ఓర్చుకునే చేమ, మెట్టతామర పల్లాన పెట్టాం.

2024 ఆగస్టు 31న మొదలై విజయవాడ, గుంటూరు ప్రాంతాలను ముంచెత్తిన వానకు మా పెరట్లోనూ నీళ్లు నిలిచాయి. వాన తగ్గిన పూటకే పోయాయి. మామగారు మంచం దిగాల్సిన పని పడలేదు.

మీ పెరట్లో నీళ్లు నిలుస్తుంటే ట్రాక్టరు మట్టికి డబ్బు కట్టకముందు లెవెలు కొలిపించండి. ఆ నీరు చివరికి ఎక్కడ చేరాలో తేల్చుకోండి. దారి పక్కవాళ్ల స్థలంలోంచి పోవాల్సి వస్తే, గోడ ఎత్తు పెంచకుండా వెళ్లి మాట్లాడండి. రెండిళ్లూ కలిస్తే అయ్యే పని అది.