దాచుకొన్న సంగీతం

మన ఇష్టాలలో కొన్నింటిని నలుగురిలో సగర్వంగా చెప్పుకొంటాం. మరికొన్నింటిని దొంగసొత్తులా దాచుకొంటాం. నా బీరువాలో, నిఘంటువుల వెనుక, చాలాకాలం ఒక సీడీ అలాగే దాగి ఉండేది.

మా తమ్ముడు తన మొదటి జీతంతో కొని నాకు కానుకగా ఇచ్చిన సీడీ అది. తళతళలాడే అట్ట. 1958లో మాస్కోలో జరిగిన చైకోవ్‌స్కీ పోటీలో, ఇరవైమూడేళ్ళ ప్రాయంలోనే ప్రథమ బహుమతి పొందిన అమెరికా విద్వాంసుడు వాన్ క్లైబర్న్ వాయించిన రెండు పియానో కన్చెర్టోలు అందులో ఉన్నాయి. కన్చెర్టో అంటే ఒక వాద్యానికీ, నిండైన వాద్యబృందానికీ నడుమ సంవాదంలా సాగే రచన. మొదటిది చైకోవ్‌స్కీది, రెండవది రఖ్మానినోవ్‌ది. నేను పదే పదే విన్నది రెండవదాన్నే. ఆరంభంలో పియానో ఒంటరిగా, దూరాన గుడిగంటలు మోగుతున్నట్లు మంద్రంగా పలుకుతుంది. ఆ నాదం అంతకంతకూ పెరిగి వరదవుతుంది. అంతలో వయొలిన్లు దీర్ఘమైన విషాదగీతిని అందుకొంటాయి. రాత్రివేళ తలుపు మూసి వినేవాణ్ణి. కళ్ళు చెమర్చేవి.

తలుపు మూయడమెందుకు? ఆ సంగీతంలో భావావేశం మితిమీరిందనీ, అది జనరంజకమే గాని గంభీరం కాదనీ కొందరు పాశ్చాత్య విమర్శకులు ఈసడించారని చదివాను. నాకు కలిగే ఆనందం నా అల్పత్వానికి గుర్తేమోనని భయపడ్డాను.

ఒకనాడు సంగీతశాస్త్రం ఎరిగిన మిత్రులొకరు మా ఇంటికి వచ్చారు. నిఘంటువు తీయబోతే సీడీ వారి చేతికి తగిలింది.

“ఇటువంటివి కూడా వింటారా మీరు?” అన్నారు చిరునవ్వుతో.

“నాది కాదండీ, మా తమ్ముడిది” అన్నాను.

మంచినీళ్ళ గ్లాసుతో గుమ్మంలో నిలిచిన తమ్ముడు ఆ మాట విన్నాడు. “అవునండీ, నాదే” అన్నాడు మెల్లగా. నా అబద్ధాన్ని వాడు మోశాడు.

ఆ తరువాతనే ఆ రచన పుట్టుకను గూర్చి తెలుసుకొన్నాను. 1897లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రఖ్మానినోవ్ తొలి సింఫనీ ఘోరంగా విఫలమైంది. అవమానభారంతో ఆ యువ స్వరకర్త దాదాపు మూడేళ్ళు పెద్ద రచన ఏదీ చేయలేకపోయాడు. 1900లో నికొలాయ్ దాల్ అనే వైద్యుడు ఓపికతో చికిత్స చేసి, అతనిలో ఆత్మవిశ్వాసాన్ని మేల్కొలిపాడు. ఆపై పూర్తయినదే ఈ కన్చెర్టో. 1901లో మాస్కోలో రఖ్మానినోవ్ స్వయంగా దానిని వాయించాడు. ఆ వైద్యునికే అంకితమిచ్చాడు.

సిగ్గుతో మూగబోయిన మనిషి, ఆ సిగ్గును జయించి పలికిన పలుకది. దానినే నేను సిగ్గుపడి దాచాను! దానితోపాటు తమ్ముడి ప్రేమనూ కాదన్నాను. విజ్ఞుల విమర్శను వినవలసిందే. దానివల్ల మన అభిరుచికి పదును వస్తుంది. కాని మన చెవులను ఇతరుల వద్ద తాకట్టు పెట్టరాదు.

ఆ రాత్రి సీడీని బీరువా ముందు అరలోకి మార్చి తమ్ముణ్ణి పిలిచాను. “రారా, కలిసి విందాం.”

“తలుపు వేయనా అన్నయ్యా?” అన్నాడు లోపలికి వస్తూ.

“వద్దు, తెరిచే ఉండనీ” అన్నాను.