శాంపిల్ బిళ్ళ

నాకున్న పిచ్చుల్లో ఇది అన్నిటికన్నా అర్థంలేనిదని మా ఆవిడ అభిప్రాయం. నాణేలు పోగేసేవాళ్ళని చూసింది గానీ, నాణేన్ని పెట్టే ప్లాస్టిక్ డబ్బాలు పోగేసేవాణ్ణి నన్నే చూసిందట. నిజమే, నా దగ్గర అలాంటివి ముప్ఫై ఏడున్నాయి.

తెలియనివాళ్ళకి చిన్న ఉపోద్ఘాతం. అమెరికాలో నాణేలకి గ్రేడ్ ఇచ్చే కంపెనీలున్నాయి. పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో మొదలయ్యాయి. మన నాణెం అసలుదో నకిలీదో చూసి, 1 నుంచి 70 లోపు ఒక అంకె వేసి, తెరిస్తే తెలిసిపోయేలా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, లేబుల్ పెట్టి ఇస్తారు. దీన్నే స్లాబ్ అంటారు (మన మేడమీది శ్లాబు కాదు లెండి). మరి ఆ డబ్బా ఎలా ఉంటుందో జనానికి చూపించాలిగా? అందుకని ఏ పది సెంట్ల బిళ్ళనో అందులో పెట్టి, లేబుల్ మీద ‘శాంపిల్’ అని అచ్చేసి, నాణేల ప్రదర్శనల్లో ఊరికే పంచడం మొదలెట్టారు. లేబుల్ రంగు మారినా, హోలోగ్రామ్ మారినా, ప్రదర్శన పేరు మారినా మాలాంటివాళ్ళకి అది కొత్త వెర్షనే!

2014 ఆగస్టులో నేను ఆన్‌సైట్‌లో ఉన్నాను. షికాగో పక్కన రోజ్‌మాంట్‌లో పెద్ద నాణేల ప్రదర్శన జరిగింది. అప్పుడే విడుదలైన కెనెడీ బంగారు అర డాలరు కోసం, 1,240 డాలర్లు చేత్తో పట్టుకుని జనం రాత్రంతా లైన్లో కూర్చున్నారు. నేను మాత్రం ఒక డీలర్ దగ్గర ఇరవై డాలర్లకి నా మొదటి శాంపిల్ కొనుక్కున్నా. లోపలున్న బిళ్ళ విలువ అప్పటి లెక్కలో ఆరు రూపాయలు.

సెలవులకి వైజాగ్ వచ్చినప్పుడు నాన్నకి చూపించా. ఆయన స్టీల్ ప్లాంట్ లాబ్‌లో పనిచేసి రిటైరయ్యారు.

"ఏట్రా ఇది? ఆరు రూపాయల బిళ్ళకి ఇరవై డాలర్లా?" అన్నారు ముందు. లేబుల్ చదివి నవ్వారు. "శాంపిలా! మా బతుకంతా వీటితోనే కదరా."

స్టీల్ మెల్ట్ షాపులో ప్రతి హీట్ నుంచీ కాస్త కరిగిన ఉక్కు తీస్తారు. పుల్లకి గుచ్చిన బిళ్ళలా ఉంటుంది కాబట్టి దాని పేరు లాలీపాప్. అది లాబ్‌కి వచ్చాక, కార్బన్ ఎంత, మాంగనీస్ ఎంత అని నిమిషాల్లో తేల్చాలి. వంద టన్నులకి పైగా ఉక్కు సంగతి ఆ బిళ్ళ చెప్పినదాన్ని బట్టే.

"శాంపిల్‌కి సొంత విలువేం లేదురా. మిగతా సరుకు గురించి నిజం చెప్పాలి, అంతే. ఆ హీట్‌ది కాని బిళ్ళ పంపితే లాబ్ ఏం చేస్తుంది?"

ఆయన మామూలుగానే అన్నారు. నాకు మాత్రం తగలాల్సిన చోట తగిలింది.

అంతకు రెండేళ్ళ ముందు మా కంపెనీ ఒక క్లయింట్ ఇంటర్వ్యూకి నన్ను కూర్చోబెట్టింది. ప్రాజెక్టు వచ్చింది. పనికి మాత్రం నన్ను కాదు, అప్పుడే ట్రైనింగ్ అయిన ఒక కుర్రాణ్ణి పెట్టారు. మనలో చాలామందికి ఇది కొత్త కథేం కాదు. నాకు ముందే తెలుసు, అయినా నోరు మెదపలేదు. ఆ కుర్రాడు నాలుగు నెలలు రాత్రింబవళ్ళు తన్నుకున్నాడు. చివరికి క్లయింట్ వద్దన్నారు, ఆ ఏడాది అప్రైజల్లో అట్టడుగు రేటింగ్ వాడికే పడింది. నా రేటింగ్ బ్రహ్మాండం.

వాడు వేరే హీట్ శాంపిల్ చూపించి అమ్మిన ఉక్కు. ఆ శాంపిల్‌ని నేనే.

ఆ సెలవుల్లోనే ఫోన్ చేసి జరిగింది చెప్పా. అప్పటికి బెంగళూరులో ఇంకో కంపెనీలో కుదురుకున్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నాకే పని రాదనుకున్నాను సార్ ఇన్నాళ్ళూ. అప్పుడే చెప్పుంటే బావుండేది," అన్నాడు.

ఆ మొదటి డబ్బా ఇప్పటికీ ఆఫీసులో నా టేబుల్ మీదే ఉంది. ఎవరైనా వచ్చి "క్లయింట్ కాల్‌కి మీరొక్కసారి కూర్చోండి" అంటే, పని ఎవరు చేస్తారో ముందు అడుగుతున్నా. కాస్త చెడ్డపేరు వచ్చింది, ఫరవాలేదు.