భాయ్ లేని క్యాంటీన్

తెలుగు సినిమాలో సాయిబు కనబడంగనే నాకు గుండె బిగుసుకుంటది. బాంబు పెట్టేటోడా, పాతబస్తీ రౌడీనా, హీరో కోసం పానమిచ్చే మంచి భాయా? ఈ మూడింట్లనే ఏదో ఒకటి. పక్కన బిడ్డ కూసుంటే మరీ కష్టం. తెర మీద వాణ్ని కాల్చినప్పుడు హాలంతా ఈలలేస్తది. ఆ ఈలల నడుమ బిడ్డకు ఏం చెప్పాలె?

అందుకే ఏ సాయిబూ లేని సినిమా ఏరుకున్న. 2024 రంజాన్ అయిన వారానికి ‘హ్యాపీ డేస్’ మళ్లా థియేటర్లకొచ్చింది. పదకొండేండ్ల నా బిడ్డ ఈదీ పైసలు గుప్పిట్ల పెట్టుకుని “అబ్బా, చలో” అన్నది.

శేఖర్ కమ్ముల 2007లో తీసిన సినిమా. ఇంజనీరింగ్ కాలేజీ, ర్యాగింగ్, క్యాంటీన్, అలకలు, ప్రేమలు. అంతే. బిడ్డ పడిపడి నవ్వింది. పొట్టి జుట్టు అప్పును చూసి “నేను గీమెనే” అని అప్పటికప్పుడే తేల్చేసుకుంది. వెనక సీటామె ముందుకు వంగి “మీ పాప తెలుగు ఎంత చక్కగ మాట్లాడతదండీ!” అన్నది. మెచ్చుకోలే. ఇక్కడ పుట్టిన పిల్ల తెలుగు గాక ఇంకేం మాట్లాడాలె?

ఇసొంటి తేలిక సినిమాలంటే నా మేధావి దోస్తులకు చిన్నచూపు. నాకు లేదు. ఈ సినిమా మొదటిసారి చూసిన రోజులు నాకు యాదికున్నయి. ఆ ఏడు మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆగస్టు 25న గోకుల్ చాట్‌లో, లుంబినీ పార్కులో. తర్వాత మా పిల్లల్ని ఎత్తుకపోయిన్రు. చదువుకునేటోళ్లూ అండ్ల ఉన్నరు. కేసులు నిలబడలే. 2012లో సర్కారే కొందరికి నష్టపరిహారమిచ్చింది. పగలు ఆ తల్లుల గడపల్లో కూసొని వార్తలు రాసుకున్న నేను, ఒక సాయంత్రం పోయి ఈ క్యాంటీన్ నవ్వులు చూసిన. కోపం రాలే. ఈర్ష్య అయింది. కాలేజీ పిల్లగాడు పరీక్షకు, పిల్లకు తప్ప ఇంక దేనికీ భయపడకుండ నాలుగేండ్లు బతకొచ్చునా అని.

అదే 2007లో బీసీ-ఇ కింద వెనుకబడిన ముస్లింలకు 4 శాతం రిజర్వేషన్ చట్టమొచ్చింది. మా గల్లీ పిల్లలు ఇంజనీరింగ్ కాలేజీల గేట్లు దాటిన్రు. తెర మీది దోస్తుల గుంపులో మాత్రం వాళ్లు లేరు.

మా ఆపా కొడుకు ఆ కోటాలోనే చదివిండు. ఇంటికి రాంగనే బిడ్డ వాడికి ఫోన్ కలిపింది.

“మీ కాలేజీ గిట్లనే ఉండెనా?”

“అచ్చం గిట్లనే. క్యాంటీన్ బాకీలతో సహా.”

“నిన్నేమని పిలిచేటోళ్లు?”

“భాయ్ అని.”

“అందర్నీ భాయ్ అనేటోళ్లా?”

“లే, నన్నొక్కణ్నే.”

బిడ్డకు సమజ్ కాలే. నా దిక్కు చూసింది. నేను ఫోన్ అందుకుని, ఆపాకు మోకాళ్ల నొప్పులు ఎట్లున్నయని అడిగిన.