ఊరి పేరు లేని జట్టు

మా ఫ్రీమాంట్‌కు ఒక బేస్‌బాల్ జట్టు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. 2006లో ఓక్లండ్ అథ్లెటిక్స్ ఇక్కడ స్టేడియం కడతామంది. సిస్కో ఫీల్డ్ అని పేరూ పెట్టేశారు. ఇళ్ల ధరలు పెరుగుతాయని కొందరు మనవాళ్లు లెక్కలు వేశారు, ట్రాఫిక్‌తో చస్తామని మా ఆవిడ గొణిగింది. 2009లో ఆ ప్రయత్నం మానుకున్నారు.

ఊళ్లు మారడం ఆ జట్టుకు కొత్త కాదు. పుట్టింది 1901లో, ఫిలడెల్ఫియాలో. కోనీ మాక్ అనే ఆయన 1950 దాకా, అంటే యాభై సీజన్లు, మేనేజరుగా ఉన్నాడు. ఒంటి మీద యూనిఫాం కాదు, సూటూ టై! న్యూయార్క్ జెయింట్స్ మేనేజరు మెక్‌గ్రా ఈ జట్టును తెల్ల ఏనుగని ఎగతాళి చేస్తే, మాక్ ఆ ఏనుగునే జట్టు గుర్తుగా పెట్టుకున్నాడు. తర్వాత అది ఆటగాళ్ల చొక్కా మీదకీ ఎక్కింది. నాకు ఈ జట్టు నచ్చింది ముందు ఆ పొగరు చూసే.

1910, 1911, 1913ల్లో వరల్డ్ సిరీస్ గెలిచారు. తర్వాత డబ్బుకు కటకటై మంచి ఆటగాళ్లను వదిలేసుకుంటే, 1916లో 117 ఓటములు! మళ్లీ 1929, 1930ల్లో గెలుపు, మళ్లీ అమ్మకాలు. 1955లో కాన్సస్ సిటీకి మకాం మార్చారు. అక్కడ 13 సీజన్లలో ఒక్కసారీ ఓటముల కంటే గెలుపులు ఎక్కువ కాలేదు. 1968లో యజమాని చార్లీ ఫిన్లీ ఓక్లండ్‌కు తెచ్చాడు. మీసాలు పెంచితే 300 డాలర్లిస్తానన్న మహానుభావుడు ఆయనే. 1972 నుంచి వరసగా మూడు కప్పులు. 1989లో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌తో ఫైనల్ మధ్యలో భూకంపం వచ్చింది. పది రోజులు ఆగి, ఆడి, 4-0తో గెలిచారు.

మన సాఫ్ట్‌వేర్ వాళ్లందరికీ తెలిసింది 2002 జట్టు, ‘మనీబాల్’ సినిమా పుణ్యమా అని. తక్కువ జీతాల జట్టుతో వరసగా 20 ఆటలు గెలవడం గొప్పే. కానీ యజమానుల పిసినారితనాన్ని ఆ సినిమా తెలివితేటలుగా చూపించిందని నా అనుమానం.

2023 జూన్ 13న దాదాపు 28 వేల మంది ఓక్లండ్‌లోని జట్టు స్టేడియం కొలీజియానికి వచ్చి, జట్టును అమ్మేయమని యజమానిని కేకలతో కోరారు. అదే వారం నెవాడా చట్టసభ, జట్టు వెళ్లాలనుకున్న లాస్ వెగాస్‌లో స్టేడియానికి 380 మిలియన్ డాలర్ల దాకా ప్రజాధనం ఇవ్వడానికి ఒప్పుకుంది. 2024 సెప్టెంబర్ 26న ఓక్లండ్‌లో చివరి ఆటకు 46,889 మంది వచ్చారు. ఓక్లండ్ 3-2తో గెలిచింది.

ఇప్పుడు వెస్ట్ శాక్రమెంటోలో ఒక చిన్న లీగ్ మైదానంలో తలదాచుకుంటూ, 2028లో వెగాస్ వెళ్తామంటున్నారు. అప్పటిదాకా పేరులో ఏ ఊరూ లేదు, ఒట్టి అథ్లెటిక్స్. ఐపీఎల్‌లో దక్కన్ చార్జర్స్ 2009లో కప్పు తెచ్చి 2012లో రద్దయితే, హైదరాబాద్‌కు సన్‌రైజర్స్ అయినా దక్కింది. ఓక్లండ్‌కు బాస్కెట్‌బాల్ జట్టు వారియర్స్, ఫుట్‌బాల్ జట్టు రైడర్స్ అప్పటికే దూరమయ్యాయి.

ఊరి జనం మాత్రం ఊరుకోలేదు. 2024లో ఓక్లండ్ బాలర్స్ అనే చిన్న జట్టు మొదలైంది. అభిమానులకే వాటాలు అమ్మింది, 2025లో పయనీర్ లీగ్ కప్పు కొట్టింది. బే ఏరియాలో ఉన్నవాళ్లు ఈ వేసవిలో పిల్లల్ని తీసుకుని ఒకసారి బాలర్స్ ఆడే రైమండి పార్కుకు వెళ్లండి.