నేస్తం కదిలేదాకా ఆగుతారు

ఇంగ్లండ్ నైరుతి మూలన డెవన్ కౌంటీలో, సిడ్మత్ అనే చిన్న సముద్రతీరపు ఊరి పక్కనే స్లేడ్ హౌస్ ఫామ్ ఉంది. గాడిదల సంరక్షణకు పేరుపడ్డ ‘డాంకీ శాంక్చువరీ’కి అదే ప్రధాన కేంద్రం. ఎక్సెటర్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు పక్కింటి పెద్దావిడ మమ్మల్ని కారులో తీసుకెళ్లారు. ఆవిడ రిటైరయ్యాక అక్కడ ఉచితంగా పనిచేస్తున్నారు. “వస్తే ఇవాళే రండి, రేపటికి ఆయన ఉండడు” అన్నారు. ఆయనంటే ముప్ఫై ఆరేళ్ల గాడిద. గాడిదను చూడ్డానికి ఇంగ్లండ్ దాకా రావాలా అని మా ఆవిడ గొణిగింది. వసుదేవుడంతటి వాడే గాడిద కాళ్లు పట్టుకున్నాడు, మనమెంత అన్నాను.

ముసలాయన గడ్డి పరిచిన కొట్టం ముందు నిలబడి ఉన్నాడు. బూడిద రంగు. కళ్లపైన గుంటలు పడ్డాయి. మూతి చుట్టూ పూర్తిగా తెల్లబడింది. నడుం మధ్యలో కుంగిపోయింది. వీపు పొడవునా ఒక నల్లచార, దానికి అడ్డంగా భుజాల మీదుగా ఇంకొకటి. మెడ మీద చెయ్యి వేస్తే వెంట్రుకలు దట్టంగా, కాస్త బిరుసుగా తగిలాయి. అంత దట్టంగా ఉన్నా వాన నీటిని ఆపలేవట. ఎండా ఎడారీ పుట్టిల్లయిన జంతువు కదా, డెవన్ వానల్లో ప్రతి గాడిదకూ పైన కప్పు ఉండి తీరాలి.

వయసులో ఉన్నప్పుడు సముద్రపు ఒడ్డున పిల్లల్ని ఎక్కించుకుని తిరిగాడట. ఆ ఉద్యోగం ఇంగ్లండ్‌లో గాడిదలకు పాతదే. బ్లాక్‌పూల్‌లో అయితే 1942 నుంచీ నిబంధనలున్నాయి: మధ్యాహ్నం భోజన విరామం, శుక్రవారం సెలవు. మన దగ్గర మనుషులకే దొరకని సౌకర్యం!

ఆయనకు పళ్లు చాలావరకు ఊడిపోయాయి. సన్నగా తరిగి నానబెట్టిన మేతే తింటున్నాడు. అది పెద్ద ఇబ్బంది కాదన్నారు పెద్దావిడ. అసలు చిక్కు కాళ్ల దగ్గర వచ్చింది. కొన్ని వారాలకోసారి గిట్టలు చెక్కే మనిషి వస్తాడు. ఇదివరకు వెనక కాలు ఎత్తి అతని చేతిలో పెట్టేవాడు ముసలాయన. ఇప్పుడు నేలకు బెత్తెడు ఎత్తు కూడా లేపలేకపోతున్నాడు, మిగతా మూడు కాళ్లూ వణుకుతున్నాయి. దుమ్ములో పొర్లడం గాడిదకు మహా ఇష్టం. అదీ మానేశాడు. పొర్లితే లేవలేనని తెలిసిపోయింది.

గాడిదకు నొప్పి ఉన్నా పైకి తెలియనివ్వదు. అరవదు, కాలు విసరదు, మందకొడిగా నిలబడిపోతుంది, అంతే. మనం దాన్ని బద్ధకం అంటాం, మొండితనం అంటాం, కర్ర తీసుకుంటాం. అక్కడి డాక్టర్లకు మాత్రం ఉన్నట్టుండి నెమ్మదించిన గాడిద అంటే పరుగెత్తాల్సిన కబురు.

ఈ సంస్థను ఎలిజబెత్ స్వెండ్సెన్ అనే ఆవిడ 1969లో మొదలుపెట్టారు. భర్తతో కలిసి హోటల్ నడుపుకుంటున్న మనిషి, ఒక గాడిదను కొనుక్కున్నారు. తర్వాత ఎక్సెటర్ సంతలో ఇరుకు దొడ్లో కుక్కిన గాడిదల్ని చూసి తట్టుకోలేకపోయారు. 1974లో అసలు పరీక్ష వచ్చింది. మిస్ ఫిల్పిన్ అనే మరో గాడిదల ప్రేమికురాలు చనిపోతూ, తన 204 గాడిదల్నీ ఈవిడకు అప్పగిస్తూ వీలునామా రాసిపోయారు. వద్దనొచ్చు. ఈవిడ వద్దనలేదు. 2011లో స్వెండ్సెన్ కన్నుమూసేసరికి సంస్థ దేశాలు దాటి పనిచేస్తోంది.

నొప్పి లేకుండా ప్రాణం తీసే ఇంజెక్షన్ మధ్యాహ్నం. పొద్దున్నించీ మనుషులు ఒక్కొక్కరే వచ్చి వెళ్తున్నారు. మేత వేసే అమ్మాయి వచ్చింది, ట్రాక్టర్ నడిపే ఆయన వచ్చాడు. గాడిదలకు అల్లం బిస్కెట్లంటే ప్రాణం. మామూలు రోజుల్లో ఎప్పుడో ఒకటి గానీ పెట్టరు, ఒళ్లు వస్తుందని. ఇవాళ లెక్క లేదు. ట్రాక్టరాయన బిస్కెట్‌ను నీళ్లలో ముంచి మెత్తబరిచి, అరచేతిలో పెట్టి అందించాడు. పెదాలతో తడిమి తడిమి, చప్పరించి మింగాడు ముసలాయన. మా ఆవిడ కూడా ఒకటి పెట్టింది. గొణుగుడు ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు.

నన్ను పట్టి నిలిపింది మాత్రం పక్కన నిలబడ్డ రెండో గాడిద. గోధుమ రంగు, కాస్త పొట్టి, వయసులో చిన్నవాడు. ఇద్దరూ ఏళ్లుగా ఒకే కొట్టంలో ఉంటున్నారు. గాడిదలు ఇలా జంట కడతాయి, మగదీ ఆడదీ అనే లెక్క లేదు. ఇంజెక్షన్ వేళకు వీణ్ని అవతలికి తీసుకెళ్తారు కాబోలు అనుకున్నాను. తీసుకెళ్లరట. చావు అయ్యాక కూడా శవాన్ని వెంటనే ఎత్తరు. నేస్తం వాసన చూడాలి, ముట్టుకోవాలి, కావాలంటే ఓండ్ర పెట్టాలి, తనంతట తాను తిరిగి వెళ్లిపోవాలి. అప్పటిదాకా ఎవరూ తొందరపెట్టరు.

ఇందులో జాలి ఉంది, నిజమే. దాని వెనక వైద్యమూ ఉంది. తోడు హఠాత్తుగా మాయమైతే గాడిద వెతుక్కుంటుంది, బెంగపడి మేత మానేస్తుంది. మేత మానేస్తే ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలోకి దిగుతుంది. రక్తం తీసి కాసేపు ఉంచితే పైన తేలే ద్రవం పాలలా తెల్లబడి కనిపిస్తుంది. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అక్కడిదాకా వచ్చాక బతికించడం చాలా కష్టం. ఒక చావు రెండు చావులు కాకుండా చూసుకోవడమే ఈ ఏర్పాటు.

మర్నాడు పెద్దావిడ మా అమ్మాయి వాళ్లింటికి వచ్చి చెప్పారు. పొట్టివాడు మొదట ముక్కుతో నెట్టాడట, జూలు పళ్లతో లాగాడట. లేవకపోయేసరికి చాలాసేపు పక్కనే నిలబడి, చీకటి పడే ముందు గడ్డి దగ్గరికి వెళ్లాడట. అప్పుడు ట్రాక్టర్ కదిలింది. వాడి మేత మీద ఇంకా కొన్నాళ్లు ఓ కన్నేసి ఉంచుతారు.

మన దగ్గర గాడిదకు ముసలితనం అనే దశే లేదు. చాకిరేవు మూటలు, ఇటుకలు మోసినన్నాళ్లు మోసింది. ఆటోలు, ట్రాలీలు వచ్చాక రోడ్డు మీదికి తోలేశాం. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద సుమారు 3.2 లక్షల గాడిదలుంటే, 2019కి 1.2 లక్షలకు పడిపోయాయి. గుంటూరు, ప్రకాశం, కృష్ణా, పశ్చిమ గోదావరి ప్రాంతాల్లో బలం వస్తుందని, ఉబ్బసం తగ్గుతుందని మాంసం అమ్ముతున్నారు. దానికి వైద్యపరమైన ఆధారం ఏదీ లేదు. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం గాడిద, మాంసం కోసం కోయదగ్గ జంతువుల జాబితాలోనే లేదు. ఆఫ్రికాలో గాడిదల్ని చర్మాల కోసం చంపుతుంటే, ఆ వధను అక్కడి దేశాల కూటమి 2024లో నిషేధించింది. మనం సందు చివర అమ్మే మాంసాన్ని ఆపలేమా?

అమ్ముతున్నట్టు తెలిస్తే పోలీసులకో పశుసంవర్ధక శాఖకో చెప్పండి. ఇప్పటికీ గాడిదల్ని పెంచుతున్న కుటుంబాలకు ఇంకో మాట. జంటలో ఒకటి చనిపోతే శవాన్ని వెంటనే ఈడ్చుకుపోకండి, రెండోదాన్ని కాసేపు చూడనివ్వండి. ఆ తర్వాత అది మేత ముట్టకపోతే, రేపు చూద్దాం అనుకోకుండా ఆ రోజే పశువుల డాక్టరును పిలవండి.