నేనే నోరు నొక్కిన అలారం

హైదరాబాద్‌లో ఒక వార్తా చానెల్ మాస్టర్ కంట్రోల్ రూమ్ (ఎంసీఆర్)‌లో ఇంజినీరుగా ఉన్నప్పుడు నేను చేసిన ఒక పని వల్ల సాయంత్రం బులెటిన్ మధ్యలో తెర నల్లబడింది. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు అది ఎలా జరిగిందో తెలియాలి.

వీడియోను పలు చోట్లకు పంచడం, టైమింగ్ సరిచేయడం, ఆడియో కలపడం లాంటి పనులు ఎంసీఆర్‌లో కార్డులు చేస్తాయి. 2 రాక్ యూనిట్ల ఎత్తు, అంటే దాదాపు 9 సెంటీమీటర్లుండే ఫ్రేమ్‌లో అలాంటివి 20 దాకా పడతాయి. వాటన్నిటికీ కరెంటు ఇచ్చేవి రెండు పవర్ సప్లైలు. ఒకటి పోతే రెండోది మొత్తం లోడు మోస్తుంది, బొమ్మ రెప్పపాటైనా ఆగదు. అందుకే ఒకటి పోయిన సంగతి బొమ్మ చూసి ఎవరూ పసిగట్టలేరు. ఆ సంగతి చెప్పాల్సింది అలారమే.

మా ఫ్రేమ్‌లో బయటి లైవ్‌లు అందుకునే ఫ్రేమ్ సింక్రొనైజర్ కార్డు ఉండేది. లైవ్ ముగియగానే ఇన్‌పుట్ పోయేది, మానిటరింగ్ తెర మీద ఎరుపు వెలిగేది. రోజంతా ఇదే వరస. విసిగిపోయి, ఆ ఒక్క ఇన్‌పుట్ అలారాన్ని ఆపాల్సింది పోయి ఫ్రేమ్ మొత్తాన్నీ మాస్క్ చేశాను, అంటే దాని అలారాలేవీ మోగకుండా ఆపేశాను. లాగ్ బుక్‌లో రాయలేదు, తర్వాతి షిఫ్టుకు చెప్పలేదు. ఆ తర్వాత ఒక పవర్ సప్లై పోయింది. ఫ్రేమ్ ఆ సంగతి చెబుతూనే ఉన్నా ఎవరికీ వినబడలేదు. రెండోదీ పోయిన సాయంత్రం కార్డులన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. బ్యాకప్ దారి కార్డు కూడా అందులోనే ఉంది. సిగ్నల్‌ను ప్యాచ్ ప్యానెల్ మీద మళ్లించేదాకా ప్రేక్షకులకు చీకటే.

లాగ్‌లు తిరగేస్తే మరో లోపం బయటపడింది. మా మానిటరింగ్ ఎస్‌ఎన్‌ఎంపీ ట్రాప్‌ల మీదే ఆధారపడి ఉంది. ట్రాప్ అంటే పరికరం తనంతట తాను పంపే కబురు. కరెంటు పోయిన ఫ్రేమ్ కబురు పంపలేదు. పైగా ట్రాప్ యూడీపీ మీద వెళ్తుంది కాబట్టి, మధ్యలో పోయినా పంపిన పరికరానికి తెలియదు. కనుక మానిటరింగ్ సర్వరే కొద్ది సెకన్లకోసారి ప్రతి ఫ్రేమ్‌నూ పోల్ చేయాలి, అంటే ఉన్నావా అని అడగాలి. జవాబు రాకపోవడాన్నే అన్నిటికన్నా పెద్ద అలారంగా చూపాలి.

అప్పటినుంచి కొన్ని పద్ధతులు వదలకుండా పాటిస్తున్నాను. అలారాన్ని కార్డు స్థాయిలోనే మాస్క్ చేస్తాను, దానికి గడువు పెడతాను. రెండు పవర్ సప్లైలను వేర్వేరు యూపీఎస్ లైన్లకు కలుపుతాను. మెయిన్, బ్యాకప్ కార్డులను వేర్వేరు ఫ్రేముల్లో పెడతాను. మెయింటెనెన్స్ వేళ, పక్కన మరొకరిని నిలబెట్టుకుని, ఒక పవర్ కేబుల్ తీసి అలారం నిజంగా మోగుతోందో లేదో చూస్తాను. మోగకపోతే ఆ లోపం సరిచేసేదాకా ఆ ఫ్రేమ్‌కు ఒకే పవర్ సప్లై ఉన్నట్టు లెక్క.

రెండో పవర్ సప్లై పెట్టేది, మొదటిది పోతే మార్చుకునే వ్యవధి దొరకాలని. ఆ వ్యవధి మొదలైందని చెప్పేది అలారమే. దాన్ని ఆపాల్సి వస్తే పక్కవాళ్లకు చెప్పండి, లాగ్‌లో మీ పేరుతో రాయండి, తిరిగి మీరే ఆన్ చేయండి.