నది పాత లెక్క

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో కొలరాడో అనే నది ఉంది. రాకీ పర్వతాలపై పడిన మంచు కరిగి, ఈ నదిగా మారి, ఎడారుల మీదుగా మెక్సికో వైపు సాగుతుంది. 1922లో ఏడు రాష్ట్రాలవారు దీని నీటిని పంచుకున్నారు. ఎగువ రాష్ట్రాలకు ఏటా 75 లక్షల ఎకరా అడుగులు, దిగువ రాష్ట్రాలకు 75 లక్షలు. ఎకరం నేలపై అడుగు లోతున నిలిచే నీరే ఎకరా అడుగు. 1944లో మెక్సికోకు మరో 15 లక్షలు ఒప్పుకున్నారు. తరతరాలుగా ఆ ఒడ్డునే బ్రతుకుతున్న ఆదివాసులను మాత్రం 1922 నాటి పంపకానికి ఎవరూ పిలవలేదు.

ఆ పంపకానికి ఆధారం కొద్ది సంవత్సరాల కొలతలే. అవి వానలూ మంచూ సమృద్ధిగా పడిన ఏళ్ళు. నదిలో అంత నీరు లేదని లారూ అనే ప్రభుత్వ ఇంజనీరు హెచ్చరించాడు. వినవలసినవారు వినలేదు.

మరి కొలతలు లేని కాలంలో నది ఎంత పారిందో తెలిసేదెలా? చెట్టు కాండంలో ఏటా ఒక వలయం ఏర్పడుతుంది. ఆ పొడి నేలలో తడి దొరికిన ఏడు వలయం వెడల్పుగా, కరువు ఏడు సన్నగా ఉంటుంది. చెట్టును నరకనక్కరలేదు. బోలు బరమాతో తొలిచి సన్నని పుల్లంత ముక్క తీస్తే చాలు. 1976లో స్టాక్‌టన్, జాకోబీ అనే శాస్త్రజ్ఞులు వలయాలను నది కొలతలతో పోల్చి, నాలుగు వందల ఏళ్ళ ప్రవాహాన్ని లెక్కకట్టారు. సగటు సుమారు 135 లక్షల ఎకరా అడుగులు. కాగితం మీద పంచినది 165 లక్షలు!

ఇప్పుడు ఈ పనికి కంప్యూటరు నమూనాలూ తోడయ్యాయి. ఇది ఇంటి జమాఖర్చు వంటిదే. వానా మంచూ జమ, నేల పీల్చినది, ఎండకు ఆవిరైనది ఖర్చు, మిగిలినది నదికి. కొలతలున్న ఏళ్ళతో ముందుగా సరిచూస్తారు. అక్కడ కుదిరితేనే పాత కాలానికి వాడతారు. వేడి ఒక డిగ్రీ పెరిగితే కొలరాడో ప్రవాహం సుమారు 9 శాతం తగ్గుతుందని 2020లో ఇటువంటి నమూనాతోనే మిల్లీ, డన్ అనేవారు తేల్చారు. చెట్టు వలయాలు ఒక్కటే చూస్తే ఇది అంత స్పష్టంగా తెలిసేది కాదు.

2021 ఆగస్టులో ఆ నది మీది మీడ్ జలాశయానికి తొలిసారిగా నీటి కొరత ప్రకటించారు. మరుసటి ఏడు అరిజోనాలో పత్తి పండించే రైతులు కాలువ నీరు రాక కొంత పొలాన్ని బీడు పెట్టారు.